నేను తాగని కల్లు

అరకు చలి ఎరిగినవాళ్ళకు ఆ సాయంత్రం ఎలా ఉందో చెప్పనక్కర్లేదు. నోరు తెరిస్తే పొగ వచ్చే వేళ. రిసార్టు ముందు మంట వేశారు. టూరిస్టులు చుట్టూ కుర్చీలు వేసుకుని ఫోన్లు పైకెత్తి కూర్చున్నారు. మా ఊరి ఆడవాళ్ళం థింసా ఆడుతున్నాం. తుడుము డప్పు మోగుతోంది, మోరి బూరలు ఊదుతున్నారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ అయిపోయింది, తర్వాత ఏం చేయాలో తెలియదు, అయినా లోకమంతా నాదే అనుకునే వయసు.

థింసాలో అందరం పక్కపక్కన నిలబడి, ఒకరి వెనక నుంచి ఒకరం చేతులు వేసి గట్టిగా పట్టుకుంటాం. వరుసంతా ఒకే మనిషిలా ముందుకు వంగాలి, వెనక్కి జరగాలి. ఆ రోజు కుడికాలు లేపాల్సిన చోట నా కాలు లేవలేదు. లేపమని నేను చెప్పాను, అది వినలేదు. నేను పడిపోవాల్సిందే, కానీ థింసా వరుసలో పడటం కష్టం. అటూ ఇటూ ఉన్న చేతులు మనిషిని మోసుకుపోతాయి. చూసేవాళ్ళెవరికీ తెలియలేదు. నా పక్కనున్న మంగ్లి వదినకు మాత్రం తెలిసింది. మంగ్లి వదిన మా పెదనాన్న కోడలు. చిన్నప్పటి నుంచి వరుసలో నా స్థానం ఆవిడ పక్కనే.

"ఏటే సోమ్రీ, తాగీసొచ్చినావా?" అంది చెవిలో.

నేను పకపకా నవ్వాను. ఎందుకంటే మా కొండ మీద కల్లు తాగని మనిషి ఎవరైనా ఉంటే అది నేనే. చిన్నప్పుడు నాన్న దొప్పలో నురగ నాకించబోతే కక్కుకున్నానట. అప్పటినుంచి ఆ వాసనకే దూరం. వదినకు అది బాగా తెలుసు కాబట్టే హాస్యమాడింది. నా జబ్బు మా ఇంట్లోకి అలా హాస్యంగా వచ్చింది.

మా నాన్న జీలుగు చెట్లు గీసేవాడు. జీలుగు చెట్టుకు వేలాడే గెలను పొద్దునా సాయంత్రం సన్నగా చెక్కుతూ ఉండాలి. ఒక్క నాలుగు రోజులు వదిలేస్తే ఆ కోత ఎండిపోయి ధార ఆగిపోతుంది. మా నాన్న చేతికి ధార ఎప్పుడూ ఆగేది కాదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. సాయంత్రం అయ్యేసరికి చెట్టు కింద జనం చేరేవారు. ఆకుదొప్పల్లో కల్లు, కాల్చిన కంద ముక్కలు, కబుర్లు. మా దగ్గర ఆడా మగా అందరూ తాగుతారు, అందులో దాపరికం లేదు. నేను మాత్రం తాగకుండా వాళ్ళ మధ్య కూర్చుని వాగుతూ ఉండేదాన్ని. "ఈ గుంటకి కల్లెందుకు, మాటలే ఎక్కేసినాయి" అని నవ్వేవారు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పొగ వాసన వస్తుంది.

మాట నా ఆస్తి. శుక్రవారం సంతలో అమ్మ అల్లం, పసుపు, చిక్కుళ్ళు రాశులు పోసేది, అరిచి అమ్మేది నేను. విశాఖ నుంచి వచ్చినవాళ్ళతో తెలుగు, ఒడిశా వైపు నుంచి వచ్చినవాళ్ళతో మా ఇంటి భాష, హిందీవాళ్ళతో చేతులు, కళ్ళు. పక్క దుకాణాలవాళ్ళు నన్ను చూసి పళ్ళు నూరేవారు. అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. "నా నోరు కూడా నీకే ఇచ్చీసినాడు దేవుడు" అనేది. అంచేత నాకు మాట పోవడమంటే ఇంటికి నోరు పోవడమే.

ఆ చలికాలంలోనే కాఫీ పళ్ళు కోయడానికి వెళ్ళాను. ఎర్రగా పండినవే గిల్లాలి, పచ్చివి వదిలేయాలి. నా వేళ్ళు ఎర్రదాని దగ్గరకు పోయేవి, అక్కడ వణికి పక్కనున్న పచ్చిదాన్ని తెంపేవి. మేస్త్రీ నా బుట్టలోకి చూసి ముక్కున వేలేసుకున్నాడు. తర్వాత అన్నం ముద్ద నోటి దాకా వచ్చేలోపు సగం ఒళ్ళో పడేది. పొద్దున లేస్తే దుప్పటి అంచు తడిగా ఉండేది. నెలసరి ఆగింది. అమ్మ నన్ను పక్కకు తీసుకెళ్ళి అడగకూడని ప్రశ్నలన్నీ అడిగింది. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, వెంటనే నవ్వు వచ్చింది. ఏది ఎందుకు వస్తోందో నాకే తెలిసేది కాదు.

చివరకు నాలుక మొద్దుబారింది. "అల్లం" అని అరవబోతే "అయ్యం" అని వచ్చేది. నోట్లో జీడిపిక్క పెట్టుకుని మాట్లాడుతున్నట్టుండేది. మూతి కూడా ఒక పక్కకు సాగి, నవ్వుతున్నట్టు అలాగే నిలిచిపోయింది. ఒక్కసారి ఊహించుకోండి. తూలుతూ నడిచే పిల్ల, నత్తిగా మాట్లాడే పిల్ల, చొంగ కార్చే పిల్ల, పైగా కారణం లేకుండా ఎప్పుడూ ఇకిలిస్తూ ఉండే పిల్ల. ఇల్లు చూస్తే కల్లు గీసేవాడి ఇల్లు. ఏమనుకుంటారు?

సంతలో ఎప్పుడూ మా దగ్గరే అల్లం కొనే షావుకారు ఒకాయన పక్కవాడితో అన్నాడు. "పొద్దుగాలే ఏసీసిందిరా ఈ గుంట."

నేను విన్నాను. తిరిగి చెడామడా తిడదామనుకున్నాను. నోరు తెరిస్తే ముద్దముద్దగా ఏదో వచ్చింది. వాళ్ళు ఇంకా నవ్వారు. నేను కాదని చెప్పిన ప్రతిసారీ, నా మాటే నేను తాగానని సాక్ష్యం చెప్పేది. ఈ జబ్బులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది ఇదే.

ఇంట్లో కూడా నమ్మకం పోయింది. అమ్మ కల్లు బుర్రను అటక మీదకు ఎక్కించింది. నేను పెరట్లోకి వెళ్ళినా వెనకాలే వచ్చేది. దగ్గర కూర్చుని మూతి వాసన చూసేది. వాసన రాకపోతే ఇంకెక్కడో తాగి వక్క నమిలి వచ్చానని అనుమానం. మా చెల్లి సుక్రి అప్పటికి హైస్కూల్లో ఉంది, ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకు వచ్చి నన్ను చూసి బెదిరిపోయింది. ఒక పొద్దున నాన్న చెట్టెక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు. కత్తి చూరులో దోపేసి గుమ్మంలో కూర్చున్నాడు. నాలుగైదు రోజుల్లో గెల కోత ఎండిపోయింది. సాయంత్రం దొప్పలతో వచ్చినవాళ్ళు ఖాళీగా తిరిగి వెళ్ళారు. ఆ తర్వాత రావడమే మానేశారు. నా వల్ల ఒక చెట్టు ధార ఎండింది, దాని కింద చోటు ఖాళీ అయింది అనుకుని నేను లోపల కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

వైద్యం జరగలేదని కాదు. మా ఏజెన్సీలో ఎవరికి ఏమైనా ముందు వేలికి సూది గుచ్చి మలేరియా చూస్తారు. నాకూ చూశారు. లేదన్నారు. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఊళ్ళో దిసారి, అంటే మా పూజలు చేసి ముహూర్తాలు పెట్టే పెద్దాయన, కోడిని కోసి పూజ చేశాడు. కాళ్ళు వాచేసరికి కొండ దిగి మైదానంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ స్కానింగ్ తీశారు. డాక్టరుగారు రిపోర్టు చూసి, నన్ను చూసి, అమ్మను అడిగారు.

"లివర్ బాగా పాడైంది. ఎన్నాళ్ళ నుంచి తాగుతోందమ్మా?"

అమ్మ తల దించుకుంది. "మా కాడ అందరూ తాగుతారు బావూ" అంది.

నేను "లేదు లేదు" అని తల ఊపాను. తల కూడా వణికే తల కదా, ఊపిందో వణికిందో ఆయనకేం తెలుస్తుంది? "ఈ వయసుకే ఇంత డామేజ్ అంటే చాలా తాగి ఉండాలి. మానకపోతే ఎక్కువ రోజులు బతకదు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. రోజూ అలాంటి లివర్లే చూసే మనిషి. అదే చూశారు.

ఇంటికొచ్చాక గొడవ చేసింది మంగ్లి వదిన. వాకిట్లో నిలబడి మా అమ్మానాన్నల్ని కడిగేసింది.

"ఆరోజు నానే హాస్యమాడినాను. ఆ మాటే మీరంతా పట్టుకుని ఏలాడతన్నారేటి? ఇన్నేళ్ళు దీని భుజానికి భుజం ఆనించి ఆడినాను. దీని ఊపిరి నా మూతి మీద పడతాది. తాగితే నాకు తెల్దా? ఒక్కనాడూ వాసన నేదు. ఇది కల్లు కాదత్తా, ఇంకేటో ఉన్నాది. విశాపట్నం తీసికెల్దాం, బేగి."

థింసా ఆడేవాళ్ళకు ఒకరి ఊపిరి ఒకరికి తెలుస్తుంది. అది మా నాన్నకు అర్థమైంది. ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

కిరండూల్ నుంచి వచ్చే రైల్లో కొండ దిగాం. సొరంగాలు వచ్చినప్పుడల్లా రైల్లో పిల్లలు కేకలు పెడతారు. నేనూ చిన్నప్పుడు బొర్రా దాకా అలాగే అరుచుకుంటూ వెళ్ళేదాన్ని. ఆ రోజు చీకటి వచ్చిన ప్రతిసారీ అమ్మ కొంగుతో నా నోరు తుడిచేది. చీకట్లో అయితే ఎవరూ చూడరని.

విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రిలో న్యూరాలజీకి పంపారు. అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ చేతులు చాచమంది, ముక్కు ముట్టుకోమంది. నా చేతులు రెక్కల్లా కొట్టుకున్నాయి. టార్చి వేసి కంట్లోకి చూసింది. చూసి, మళ్ళీ చూసింది. "పాపా, పైకి చూడు. ఇప్పుడు కిందికి" అంది. తర్వాత నన్ను కళ్ళ విభాగానికి పంపి, గడ్డం ఆనించే మెషీన్ ముందు కూర్చోబెట్టారు. స్లిట్ ల్యాంప్ అంటారట. ఆ వెనకాల చదువుకునే డాక్టర్లు వరుసకట్టి ఒక్కొక్కరే నా కంట్లోకి తొంగిచూశారు. ఊళ్ళోవాళ్ళు తప్పించుకు తిరిగే మొహాన్ని అంతమంది అంత శ్రద్ధగా చూడటం నాకు వింతగా ఉండింది. నల్లగుడ్డు చుట్టూ, అంచున, గోధుమ రంగు వలయం ఉందట. కేఎఫ్ రింగ్ అన్నారు.

తర్వాత పరీక్షలు. రక్తంలో సెరూలోప్లాస్మిన్. ఎంఆర్ఐ. ట్వెంటీఫోర్ అవర్స్ యూరిన్ అని, ఒక రోజంతా ఒంటేలు డబ్బాలో పట్టాలి. అమ్మ ఆ డబ్బా పక్కన తేనె డబ్బాకు కాపలా ఉన్నట్టు కూర్చుంది, ఎవరైనా దాటి వెళ్తే కసిరేది. అన్ని రిపోర్టులూ వచ్చాక పెద్ద డాక్టరుగారు అమ్మానాన్నల్ని కూర్చోబెట్టారు. వదిన నన్ను పట్టుకుని పక్కన నిలబడింది.

"ఇది విల్సన్స్ డిసీజ్. రేర్ డిసీజ్, జెనెటిక్. మనం తినే తిండిలో రాగి ఉంటుంది. అందరికీ కొంచెం కావాలి. మిగిలినదాన్ని లివర్ బయటికి పంపేస్తుంది. మీ అమ్మాయికి పుట్టుకతోనే ఆ దారి మూసుకుపోయింది. రాగి లివర్లో పేరుకుంది. అక్కడ నిండి మెదడుకు, కళ్ళకు చేరింది. వణుకు, నడక, మాట, చొంగ, కోపం, ఏడుపు అన్నీ దానివల్లే."

నాన్న అడగాల్సింది అడిగాడు. "కల్లు వల్ల కాదా బావూ?"

"కల్లుకీ దీనికీ సంబంధం లేదు. ఈ అమ్మాయి తాగదు."

మా నాన్న ఏడవడం నేను అంతవరకూ చూడలేదు. ఆ రోజు చూశాను. బయట వరండాలోకి వెళ్ళి, తలుపు దగ్గర వాచ్‌మన్‌తో చెప్పాడు. "తాగనేదు బావూ, నా గుంట తాగనేదు." వాచ్‌మన్‌కు ముందూ వెనకా ఏమీ తెలియదు, "మంచిదే కదా" అన్నాడు. నాన్న స్ట్రెచర్ తోసుకెళ్ళే మనిషికి చెప్పాడు, పక్క మంచం పెద్దావిడకు చెప్పాడు. ప్రాణం పోయే జబ్బు పేరు విని ఒక మనిషి అంత సంబరపడటం ఆ ఆసుపత్రిలో ఎవరూ చూసి ఉండరు. నేనూ ఏడ్చాను. మూతి మాత్రం నవ్వుతూనే ఉంది.

"మీది మేనరికమా?" అని డాక్టరుగారు అడిగారు.

అమ్మ తన మేనత్త కొడుకునే చేసుకుంది. ఇప్పటికీ నాన్నను బావా అనే పిలుస్తుంది. మావాళ్ళలో వరసైన పిల్లను కాదని బయట చేసుకుంటేనే నలుగురూ అడుగుతారు. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఈ లోపం ఒకటి అమ్మలో ఉంది, ఒకటి నాన్నలో ఉంది. ఒక్కటే ఉంటే జబ్బు రాదు, అందుకే వాళ్ళకేం కాలేదు. రెండు వైపుల నుంచీ నాకు లోపమున్నదే వచ్చింది. దగ్గర చుట్టాల్లో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. బయట సంబంధాల్లోనూ వస్తుంది, తక్కువగా వస్తుంది.

ఆ రోజంతా అమ్మ అన్నం ముట్టలేదు. "మన రగతమే దీన్ని తినేసింది బావా" అంది.

నాన్న కంచం ఆవిడ ముందుకు జరిపాడు. "మన రగతమే దీన్ని పుట్టించింది కూడా" అన్నాడు. "తిను."

నాకు పెనిసిలమైన్ అనే క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. పేరుకున్న రాగిని ఒంటేలులో బయటికి తీసుకుపోతాయి. పరగడుపున వేసుకోవాలి, వేసుకున్నాక గంటసేపు ఏమీ తినకూడదు. పక్కన విటమిన్ బీ సిక్స్ మాత్ర. డాక్టరుగారు ముందే హెచ్చరించారు. "మొదట్లో ఇంకా పెరిగినట్టు ఉండొచ్చు. చాలామంది అక్కడే మందు మానేస్తారు. మీరు మానొద్దు, నా దగ్గరకు రండి."

ఆయన అన్నట్టే అయింది. ఊరికి తిరిగొచ్చిన కొన్ని వారాలకు ఉన్న కాస్త మాటా పోయింది. మెడ పక్కకు వంగింది, వేళ్ళు ముడుచుకుపోయాయి, మింగడం రాలేదు. గంజి కూడా ముక్కులోకి వచ్చేది. మంచం మీద నుంచి నేను చేయగలిగింది కళ్ళు తిప్పడం ఒక్కటే. అమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. మందు వేసుకోకముందు గుంట నడిచింది, ఏదో ఒకటి మాట్లాడింది, ఇప్పుడు కట్టెలా పడి ఉంది. ఆవిడ అనుకున్నది తప్పని ఎలా అంటాం? మందు సంచీ తీసుకెళ్ళి వాగులో పారేస్తానని లేచింది. నాన్న గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"డాక్టరు బావు ముందే సెప్పినాడు గదే. ఇలాగవుతాదని సెప్పినాడు."

"సెప్పినంత మాత్రాన సంపీమన్నానా?"

"ఒకపాలి కల్లనుకుని పొరపడినాం. మల్లీ మన తెలివే నమ్ముతావేటి?"

అమ్మ సంచీ కింద పెట్టింది. ఇద్దరూ, వదినా కలిసి నన్ను దుప్పటి డోలీలో రోడ్డు దాకా మోసి మళ్ళీ విశాఖ చేర్చారు. డాక్టరుగారు మోతాదు బాగా తగ్గించి, మెల్లమెల్లగా పెంచుకుంటూ వచ్చారు. ముక్కులో ట్యూబు వేసి దానిగుండానే మందూ గంజీ పోశారు. అప్పుడే సుక్రిని కూడా తీసుకురమ్మన్నారు.

అమ్మ అడ్డం తిరిగింది. "దానికేటీ నేదు బావూ. పరుగుపందెంలో ఫస్టు."

"అందుకే ఇప్పుడే చూడాలి" అన్నారాయన. "ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంది. లక్షణాలు కనబడేదాకా ఆగితే అక్కలాగే అవుతుంది. ముందే పట్టుకుంటే ఏమీ కాకుండా ఆపొచ్చు."

సుక్రి వచ్చింది. నా ట్యూబు చూసి మంచం కింద కూర్చుని ఏడ్చింది. తర్వాత చెయ్యి చాచి రక్తం ఇచ్చింది. దానికీ ఉంది. కంట్లో వలయం లేదు, వణుకు లేదు, ఏమీ లేదు. రక్తంలో, ఒంటేలులో మాత్రం నాకున్నదే ఉంది. ఆ మాట విన్నప్పుడు నాకు మాట లేదు, ఉంటే ఏం అనేదాన్నో కూడా తెలియదు. దాని వైపు చూస్తూ ఒక్కటే అనుకున్నాను. దేవుడా, నాది పోతే పోయింది, దీని నోరు తీసుకోకు.

కోలుకోవడం అంటే ఒక పొద్దున లేచి చూసుకుంటే బాగైపోవడం కాదు. ముందు మింగడం వచ్చింది. ట్యూబు తీసేశాక అమ్మ పెట్టిన మొదటి ముద్ద సామన్నం. దాని రుచి ఇంకా నాలుక మీద ఉంది. తర్వాత మెడ నిలబడింది. గోడ పట్టుకుని, వదిన నడుం పట్టుకుని నడిచాను. మాటే అన్నిటికంటే ఆలస్యం. స్పీచ్ థెరపీ అమ్మాయి "ఆ, ఈ, ఊ" సాగదీసి అనమంది, పుస్తకం గట్టిగా చదవమంది. పుస్తకం నాకు విసుగు. పెరట్లో కొండకేసి కూర్చుని సంత అరుపులు అరిచేదాన్ని. అల్లం, పసుపు, చిక్కుడు. మొదట గాలి వచ్చింది, తర్వాత చప్పుడు వచ్చింది, ఎన్నో నెలలకు "ల" వచ్చింది. మేకలు కాసేవాళ్ళు అవతల నుంచి "అల్లం ఎంతే?" అని అరిచేవారు. అలా అడిగారంటే అర్థమయిందన్నమాట. ఆ రోజు నాకు పండగే.

తర్వాతి ఏడాది ఒక శుక్రవారం సంతకు వెళ్ళాను. పాత షావుకారు వచ్చాడు. "నాను... తాగనేదు... అప్పుడు" అన్నాను. ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాను. పాపం, ఆయనకు ఎప్పుడన్నాడో ఏమన్నాడో గుర్తే లేదు. బిత్తరపోయి, "ఎవరన్నారమ్మా?" అన్నాడు. కావలసినప్పుడు రాని మాట అవసరం తీరాక వచ్చింది. అయినా అన్నందుకు నాకు ఒళ్ళంతా తేలికయింది.

ఇప్పుడు నాకు ముప్పై దాటింది. పక్క ఊరి అంగన్‌వాడీలో టీచర్ని. నా మాట కొంచెం నిదానం, అలిసిపోతే సాగుతుంది. నా దగ్గర చదివే పిల్లలు పాటలు నాలాగే సాగదీసి పాడతారు. తల్లులు వచ్చి "మా గుంటడు రైలుబండిలా పాడతన్నాడు టీచరమ్మా" అంటారు. థింసా వరుసలో ఇప్పుడూ నిలబడతాను, చివర్లో, నెమ్మది పాటలకు. పండగ రోజుల్లో ఆ పాత సాయంత్రాలు గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. చెట్టు కింద ఆ జనంలో సగంమంది ఇప్పుడు లేరు. కొన్ని రుచులూ పోయాయి. రాగి ఎక్కువుండేవి మాకు నిషేధం. తొలి వానలకు పుట్టే పుట్టగొడుగులు, వాగు పీతలు, మేక కార్జం, జీడిపప్పు, పండగనాటి రాజ్మా కూర. వానాకాలంలో ఊరంతా పుట్టగొడుగులు వేగుతుంటే నేనూ సుక్రీ తలుపులు వేసుకుని కూర్చుంటాం. ఆ కూర వాసనకు నాకు ఏడుపొస్తుందని చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

నాలాంటివాళ్ళ ఇళ్ళల్లో ఇది చదివేవారికి ఒక్కటే చెబుతాను. ఇంట్లో ఒకరికి ఇలాంటి పుట్టుక జబ్బు తేలిందంటే, ఒంట్లో ఏ నలతా లేని అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని కూడా ఆ పరీక్షకు తీసుకెళ్ళండి. మందు ఇచ్చారంటే, బాగున్నాం కదా అని డాక్టరును అడగకుండా ఒక్క రోజు కూడా మానకండి. బాగున్నది ఆ మందు వల్లే.

నాకు ఇది మా సుక్రి వల్ల రోజూ గుర్తొస్తుంది. అది ఇప్పుడు సంతలో అమ్మ రాశుల వెనక నిలబడుతుంది. దానికి ఇంతవరకూ ఏ లక్షణమూ రాలేదు. అందుకే దానికి మందంటే ఒళ్ళుమంట. పొద్దున్నే పొయ్యి దగ్గర ఇద్దరం నీళ్ళ గ్లాసులు పట్టుకుని కూర్చుంటాం. నేను చప్పుడు చేయకుండా మింగేస్తాను. అది అక్కనని కూడా చూడకుండా మొదలుపెడుతుంది.

"నాకేటయింది సెప్పవే అప్పా? సెయ్యి వణికిందా, కాలు తూలిందా? ఏ రోగమూ నేకండా ముసిల్దాన్లాగ పొద్దుగాలే మందులు మింగడమేటి? నాలిక్కి తుప్పు వాసన, గంటసేపు టీ నేదు, మీ డాక్టరు బావు తాగకుండా ఉంటాడేటి ఓ గంట? ఇదిగో, మింగీసినాను, సూసుకో, నోరు తెరిచి సూపించమంటావా?"

అది ఊపిరి తీసుకోకుండా గడగడా తిడుతుంది. ఒక్క అక్షరం కూడా జారదు. అయిపోయిందనుకుని టీ గిన్నె అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాను. "ఇంకా గంట కానేదు" అంటాను. మళ్ళీ మొదటి నుంచి తిడుతుంది.